క్రిములు చచ్చాయని రుజువు చేయాల్సింది ఎవరు?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. అమ్మకు ఆస్తమా. ‘30 నిమిషాల్లో 99.9 శాతం క్రిములు ఖతం’ అన్న ప్రకటన చూసి నిరుడు ఆన్‌లైన్‌లో 14,500 రూపాయలకు ఎయిర్ ప్యూరిఫైయర్ తెప్పించినం. మైక్రోబయాలజీ చదివే మా తమ్ముడు మెషిన్ నడుస్తుండగా గదిలో పెట్రీ ప్లేట్లు (క్రిముల్ని పెంచి చూసే చిన్న పళ్లాలు) తెరిచి పెడితే కాలనీలు (క్రిముల గుంపులు) బాగానే పెరిగినయి. కంపెనీ ముంబైలో ఉంది. ఈ పరీక్షతో పైసలు వాపస్ అడగొచ్చా?

సలహా: పైసలు అడగొచ్చు, కానీ ఆ ప్లేట్ల మీద కేసు నిలబెట్టకండి. తెరిచిన ప్లేటు మీదికి కిందికి దిగిన క్రిములే వస్తాయి, గాలిలో తేలేవి లెక్కకు రావు. వైరస్‌లు అందులో పెరగనే పెరగవు. మెషిన్ ఆపి, అదే గదిలో అంతే సేపు పెట్టిన ప్లేట్లతో పోల్చకపోతే ఎదుటి వకీలు ఒక్క ప్రశ్నతో కొట్టేస్తాడు.

అసలు రుజువు భారం మీది కాదు. సరైన పరీక్ష లేకుండా వస్తువు పనితనానికి హామీ ఇవ్వడం వినియోగదారుల రక్షణ చట్టం, 2019 సెక్షన్ 2(47) కింద అనుచిత వ్యాపార పద్ధతి. పరీక్ష చేయించామని కంపెనీ అంటే, దాన్ని నిరూపించాల్సింది కంపెనీయే అని ఆ సెక్షన్‌లోనే ఉంది. చాలా ఫిర్యాదుల్లో ఈ మాట రాయకుండా వదిలేస్తారు. మీరు మొదటి పేజీలోనే రాయండి.

ముందు 15 రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు పంపి టెస్ట్ రిపోర్టు అడగండి. ఏ ల్యాబ్, ఏ క్రిమి, ఎంత సేపు, ఫ్యాన్ ఏ వేగంలో, పరీక్షించింది మీ మోడలేనా అన్నవి విడివిడిగా అడగాలి. అన్నిటికన్నా ముఖ్యం ఛాంబర్ (ల్యాబ్‌లో మెషిన్‌ను పరీక్షించే మూసిన పెట్టె లేదా గది) సైజు. ఒక ఘనపు మీటరు పెట్టెలో వచ్చిన అంకె మీ ఇంటికి వర్తించదు. 10 అడుగుల ఎత్తున్న 10×12 గదిలో దాదాపు 34 ఘనపు మీటర్ల గాలి ఉంటుంది, తలుపు తీసినప్పుడల్లా కొత్త గాలి వస్తుంది. ఛాంబర్‌లో వదిలిన క్రిములు మెషిన్ లేకున్నా కొంతసేపటికి కిందికి దిగిపోతాయి, కొన్ని చస్తాయి. అందుకే మెషిన్ ఆపి చేసిన పరీక్ష అంకె కూడా రిపోర్టులో ఉండాలి. అది లేకపోతే 99.9లో మెషిన్ వాటా ఎంతో తెలియదు. హెపా ఫిల్టర్ (గాలిలోని సన్నని కణాల్ని ఆపే జల్లెడ లాంటిది) క్రిముల్ని పట్టుకుంటుందే తప్ప చంపదు. మీ మెషిన్‌లో హెపా ఒక్కటే ఉంటే ‘ఖతం’ అన్న మాటే మీకు సాక్ష్యం. అయోనైజర్ (గాలిలోని కణాలకు విద్యుత్ ఆవేశం ఇచ్చే భాగం, దీంతోనూ ఓజోన్ రావచ్చు), ఓజోన్ బటన్ ఉంటే మాత్రం ఈరోజే ఆపేయండి. ఓజోన్ ఆస్తమాను పెంచుతుంది.

జవాబు రాకపోతే నల్లగొండ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో, లేదా ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి పోర్టల్‌లో ఫిర్యాదు వేయండి. మీరు ఉండే చోటే వేయొచ్చు, ముంబై పోనక్కర్లేదు. చెల్లించిన ధర 5 లక్షల లోపు కాబట్టి కోర్టు ఫీజు లేదు. గడువు రెండేళ్లు. ప్రకటన స్క్రీన్‌షాట్లకు భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) సెక్షన్ 63 సర్టిఫికెట్, అంటే ఎలక్ట్రానిక్ సాక్ష్యాన్ని ధ్రువీకరించే పత్రం, జత చేయండి.

కంపెనీ రిపోర్టు అనుమానంగా ఉంటే వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 38(2) కింద ల్యాబ్ పరీక్ష కోరండి. కమిషనే మెషిన్‌కు సీలు వేసి పంపుతుంది. రిపోర్టుకు మామూలుగా 45 రోజులు. ల్యాబ్ ఖర్చు ముందు మీరే కట్టాల్సి రావచ్చు, దాన్ని కేసు ఖర్చుల్లో అడగండి. అమ్మ ఆరోగ్యానికి పరిహారం అడగాలంటే డాక్టర్ కాగితాలు కావాలి. అవి లేకపోతే ధర వాపస్, ఖర్చుల దగ్గరే ఆగడం మేలు.

అప్పటిదాకా మెషిన్‌ను విప్పకండి, ఫిల్టర్ మార్చకండి. బిల్లు, డబ్బా, సీరియల్ నంబర్ స్టిక్కర్ భద్రంగా ఉంచండి.