మైఎస్‌క్యూఎల్ 8.4కి మారాక రెప్లికా స్టేటస్ రావడం లేదా?

భీమవరం రొయ్యల ప్లాంటు సర్వర్లను మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ 8.4 వెర్షన్‌కి మార్చాక, రెప్లికా (మెయిన్ సర్వర్ డేటాను ఎప్పటికప్పుడు కాపీ చేసుకునే సర్వర్) ఎలా ఉందో చూద్దామని ‘షో స్లేవ్ స్టేటస్’ కొడితే సింటాక్స్ ఎర్రర్ వస్తోందన్నారు కదండీ. టెన్షన్ పడకండి, ఈ ఎర్రర్‌తో డేటాకేమీ కాదు. ఆ పాత కమాండ్లను 8.4లో తీసేశారు. 8.0.22 నుంచే ఉన్న ‘షో రెప్లికా స్టేటస్’ వాడండి. మెయిన్ సర్వర్లో కొట్టే ‘షో మాస్టర్ స్టేటస్’ మాత్రం ‘షో బైనరీ లాగ్ స్టేటస్’ అయింది, చాలామంది తడబడేది ఇక్కడే.

అసలు జాగ్రత్త మీ మానిటరింగ్ స్క్రిప్టు (రెప్లికాను గమనిస్తూ అలర్ట్ పంపే ప్రోగ్రామ్) దగ్గర పడాలి. రెప్లికా ఎన్ని సెకన్లు వెనకుందో చూపే ‘సెకండ్స్ బిహైండ్ మాస్టర్’ కాలమ్ ఇప్పుడు ‘సెకండ్స్ బిహైండ్ సోర్స్’. స్క్రిప్టు ఇంకా పాత పేరే వెతుకుతుంటే, రెప్లికా వెనకబడినా అలర్ట్ రాకపోవచ్చు. మా తణుకు రైస్‌మిల్లులో అలాగే రెండు రోజులు ఎవరికీ తెలియలేదు. గాలివానకి కరెంటు పోయొచ్చే ఊళ్లు మనవి, రెప్లికా ఎప్పుడైనా వెనకబడొచ్చు, ఈ రాత్రికే సరిచేసేయండి. ఇంకా ఎర్రర్ వస్తే ఆ లైను ఇక్కడ పెట్టండి, చూస్తాను.