క్వాంజా బజారు నీ చేతికిచ్చారట

చిట్టితల్లీ,

నిన్న ఫోన్లో నీ గొంతులో సగం సంతోషం, సగం టెన్షన్ వినిపించాయి. మీ పేటలో క్వాంజా అనే నల్లజాతి అమెరికన్ల పండగ చేసేవాళ్ళు డిసెంబరు 29న హాల్లో జరిగే వేడుకకి భోజనాలూ, స్టాల్సూ చూసుకోమని నిన్నడిగారు. అక్కడ సరే అనేసి, ఇక్కడ నాకు ఫోన్ చేసి "పెద్దమ్మా, మన పండగ కాదుగా, నేనేం చెయ్యగలను?" అన్నావు. నోటితో చెప్తే సగం మర్చిపోతావు, అందుకే రాస్తున్నాను. డెట్రాయిట్ పక్కన ఇన్నేళ్ళుగా ఉంటూ ఇదే పండగకి పన్నెండు డిసెంబర్లు టేబుళ్ళు మోసినదాన్ని. నా నడుం నొప్పిలో క్వాంజా వాటా కూడా ఉంది.

మొట్టమొదట నీ స్థానం ఏమిటో తెలుసుకో. ఆ వేడుకలో నువ్వు అతిథివీ కావు, పెద్దముత్తైదువవీ కావు. పెళ్ళివారింట్లో స్టోర్‌రూమ్ తాళాలు చేతికిచ్చిన దగ్గరి చుట్టానివి. తాళాలిచ్చారంటే నిన్ను నమ్మారని అర్థం. అంతేగానీ పెళ్ళి ఎలా చెయ్యాలో చెప్పమని కాదు. "మేమూ కూచిపూడి ఐటమ్ ఒకటి పెడతాం ఆంటీ" అని మీ స్నేహితురాళ్ళు తయారవుతారు చూడు, వాళ్ళని నవ్వుతూ ఆపు. కమిటీవాళ్ళు తమంతట తాము అడిగితే వేరే సంగతి.

పండగ సంగతి రెండు ముక్కల్లో చెప్తాను, వేదిక మీదకొచ్చి "ఇది వాళ్ళ క్రిస్మస్ అండీ" అనకుండా. ఇది క్రిస్మస్‌కి బదులు కాదు, మతం పండగే కాదు. మొదటిరోజు, డిసెంబరు 26న, చర్చి బట్టల్లో వచ్చేవాళ్ళుంటారు, ముస్లింలుంటారు, ఏ దేవుడి జోలికీ పోనివాళ్ళుంటారు. లాస్ ఏంజెలెస్‌లో వాట్స్ అనే నల్లజాతివాళ్ళ పేట 1965 ఆగస్టులో అల్లర్లలో తగలబడింది. ఆ మరుసటి ఏడాది, 1966లో, మౌలానా కరెంగా అనే ఉద్యమకారుడు ఈ ఏడురోజుల పండగని మొదలుపెట్టాడు. స్వాహిలీలో 'మతుండా యా క్వాంజా' అంటే తొలి పంట. మన కొత్తల పండగ గుర్తొచ్చిందా? నాకూ అదే గుర్తొచ్చింది. అదే 1965 అక్టోబరులో ఇంకోటి కూడా జరిగింది. ఆసియావాళ్ళు ఈ దేశానికి రాకుండా అడ్డుకున్న పాత కోటాల్ని తీసేసిన చట్టం మీద సంతకం పడింది. మీ పెదనాన్న వీసా, ఆ తర్వాత నాది, ఇప్పుడు నీది, అన్నీ ఆ తలుపులోంచే వచ్చాయి. ఆ తలుపు తెరుచుకోవడం వెనక నల్లజాతివాళ్ళ పౌరహక్కుల పోరాటం ఉంది. ఈ మాట మనవాళ్ళ గెట్-టుగెదర్లలో ఎవరూ ఎత్తరు. పైగా మన ఇళ్ళలో వాళ్ళ గురించి వాడే ఆ మాట ఒకటుంది, ఏమిటో నీకు తెలుసు. పిల్లల చెవిన పడనివ్వకు. నీ నోటికి అలవాటుంటే ఈలోపు మాన్పించుకో.

ఇక పలకడం. దీంట్లో మాత్రం మనం దర్జాగా ఉండొచ్చు. స్వాహిలీ కూడా తెలుగులాగే అజంత భాష, మాటలు దాదాపు అన్నీ అచ్చుతోనే ముగుస్తాయి. "హబారి గని?" అని పలకరిస్తారు, ఏమిటి విశేషాలు అన్నట్టు. జవాబు "బాగున్నాం" కాదు, ఆ రోజు సూత్రం పేరు. ఏడు రోజులకి ఏడు: ఉమోజా, కుజిచాగులియా, ఉజిమా, ఉజమా, నియా, కుఉంబా, ఇమాని. ఐకమత్యం, మన దారి మనమే నిర్ణయించుకోవడం, కలిసి పనిచెయ్యడం, కలిసి సంపాదించుకోవడం, ధ్యేయం, సృజన, నమ్మకం. ఉజిమా, ఉజమా తేడా చూసుకో, మొదటి ఏడాది నేను వాటిని తారుమారు చేశాను. వీటన్నిటినీ కలిపి 'ఙ్గుజో సాబా' అంటారు. చిన్నప్పుడు పలకమీద దిద్ది, తర్వాత జన్మలో వాడని మన 'ఙ' ఇక్కడ పనికొచ్చింది చూశావా.

29 నాలుగో రోజు. అంటే ఉజమా. తమ డబ్బు తమవాళ్ళ చేతుల్లోకి, తమవాళ్ళ దుకాణాల్లోకి వెళ్ళాలన్న సూత్రానిది ఆ రోజు. అందుకే నీకిచ్చిన పని చిన్నదనుకోకు. వేదిక మీద ఎన్ని పాటలు పాడినా ఆ రోజు పండగ ఉండేది నువ్వు వేసే టేబుళ్ళ దగ్గరే.

ఈ సంగతి అర్థం కాకే మొదటి ఏడాది నేను తప్పు చేశాను. వేదిక అందంగా కనపడాలని స్టాల్సన్నీ పక్కగదిలో పెట్టించాను. జనం వచ్చారు, డోలు విన్నారు, తిన్నారు, కోట్లు తొడుక్కుని వెళ్ళిపోయారు. పక్కగదిలో ఒంటికి రాసుకునే షియా బటర్ అమ్మే పెద్దావిడ ఆ సాయంత్రమంతా అమ్మింది రెండు డబ్బాలు. సర్దుకునేటప్పుడు నన్నేమీ అనలేదు. కమిటీలో పెద్దాయనొకాయన మాత్రం "ఈ రోజు పేరేమిటమ్మా?" అని అడిగి ఊరుకున్నాడు. నాకు ఆ రాత్రి నిద్రపట్టలేదు.

కాబట్టి స్టాల్స్ పెద్ద హాల్లోనే, గోడల వెంబడి వెయ్యి. వేదిక, కుర్చీలు మధ్యలో ఉంటాయి. తిండి దగ్గరికి వెళ్ళాలంటే స్టాల్స్ ముందునుంచే వెళ్ళేలా చూడు. మధ్యలో నలభై నిమిషాలు విరామం ఉండాలని ముందే అడుగు, కార్యక్రమం ఆలస్యమైతే అందరూ మొదట కోసేది దాన్నే. ఒప్పుకోకు. చక్రాల కుర్చీ తిరిగేంత దారి వదులు. పక్కపక్కనే ఇద్దరు సబ్బులవాళ్ళనీ, ఇద్దరు నగలవాళ్ళనీ కూర్చోబెట్టకు. పుస్తకాలమ్మేవాళ్ళని తలుపు పక్కన పెట్టకు, చలిగాలికి పాపం వాళ్ళూ నిలవలేరు, పిల్లలూ ఆగరు. పిల్లలు ఆగాలి. ఈ పండగలో ఇచ్చే కానుకల్ని 'జవాదీ' అంటారు, పిల్లలకిచ్చేదాంట్లో పుస్తకం తప్పకుండా ఉండాలంటారు. నువ్వు కూడా అక్కడే రెండు కొను. బేరం ఆడకు. సుల్తాన్‌బజార్ కాదది.

ఎవరికి స్టాల్ ఇవ్వాలో తేల్చేది కమిటీ, నువ్వు కాదు. ఇది గట్టిగా చెప్తున్నాను, ఎందుకంటే మన వాట్సాప్ గ్రూపులో ఈ సంగతి పొక్కగానే ఎవరో ఒకరు "నా వన్ గ్రామ్ గోల్డ్ సెట్లు, కలంకారీ దుపట్టాలు పెట్టుకోనా?" అంటారు. వద్దని చెప్పు. వాళ్ళకి సంక్రాంతి మేళా ఉంది, దీపావళి మేళా ఉంది. టేబుల్ అద్దె తక్కువగా పెట్టమని మాత్రం నువ్వు కమిటీకి చెప్పొచ్చు. అద్దె ముందే కట్టలేని చిన్నవాళ్ళ దగ్గర అమ్మకాలయ్యాక తీసుకోండని అడుగు. వచ్చేవాళ్ళకి అక్టోబర్లోనే మాట వెయ్యాలి, డిసెంబరు వారాంతాలన్నీ వాళ్ళకి ముందే నిండిపోతాయి. హాల్లో ఫోన్ సిగ్నల్ ఎలా ఉందో వెళ్ళి చూసిరా. కార్డు మెషిన్లు పనిచెయ్యకపోతే జనం "మళ్ళీ వస్తాం" అంటారు, రారు. ఒక్కడాలరు, అయిదు డాలర్ల నోట్లు చిల్లరగా దగ్గరుంచుకో.

భోజనాల దగ్గర నా భయమంతా కరెంటు. ఒక ఏడాది అందరూ వంట వేడిగా ఉంచే పెద్ద కరెంటు గిన్నె, ఎలక్ట్రిక్ రోస్టర్, తలోటి తెచ్చారు. ఒక్కోటి 1,400 వాట్ల పైనే. నాలుగింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సుకి తగిలించింది ఇంకెవరో కాదు, నేనే. పిల్లలు ఒక్కొక్కరూ వచ్చి ఒక్కో సూత్రం చెప్తున్నారు, "నియా" అనగానే హాలంతా చీకటి. ఒక ప్లగ్గు లైనుకి ఒకటే రోస్టర్. ఏ ప్లగ్గు ఏ బ్రేకర్ మీద ఉందో హాలు చూసుకునేవాళ్ళని ముందే అడిగి, టేపు ముక్క మీద రాసి అంటించు. జనానికి వడ్డించేదానికి కౌంటీ ఆరోగ్యశాఖ అనుమతి కావాలా అన్నది కొన్ని వారాల ముందే కనుక్కో. వేడివి 140 డిగ్రీల ఫారెన్‌హీట్ పైనే ఉండాలి, బయట పెట్టిన వంటకం రెండు గంటలు దాటితే మొహమాటం లేకుండా పారెయ్యి.

వంటకాలు ఏమిటంటావా? జొలాఫ్ అన్నం, కొలార్డ్ ఆకుకూర, మొక్కజొన్న రొట్టె, చిలగడదుంపతో కాల్చే 'పై' అనే తీపి వంటకం, వేరుశనగ పులుసు, గంబో అనే చిక్కటి పులుసు. కొలార్డ్ ఆకుకూరలో పొగబెట్టిన పంది మాంసం వేసేవాళ్ళుంటారు, టర్కీ వేసేవాళ్ళుంటారు, ఏమీ వెయ్యనివాళ్ళూ ఉంటారు. ప్రతి గిన్నె ముందూ చీటీ పెట్టు. వేరుశనగ పడితే తప్పనిసరిగా పెద్ద అక్షరాలు. "అయ్యో, వెజ్ తక్కువుందే" అని మాత్రం మొహం పెట్టకు, నీకు సరిపోయేది అక్కడే ఉంటుంది.

ప్రదర్శనల సంగతి వాళ్ళకే బాగా తెలుసు, నేను చెప్పేది తక్కువ. డోలు బృందానికి ముందుగా సౌండ్ చెక్ టైమివ్వు. నాట్యం చేసేవాళ్ళు చాలావరకు ఒట్టికాళ్ళతో చేస్తారు. బయట మంచు, లోపల బూట్ల నీళ్ళు, దానిమీద మంచు కరగడానికి రోడ్లమీద చల్లిన ఉప్పు. తలుపు దగ్గర పెద్ద పట్టాలు పరిచి, వేదిక ముందు భాగం ఇద్దరు కుర్రాళ్ళతో తుడిపిస్తూ ఉండు. డోలు మొదలయ్యాక నీకు హైదరాబాద్ పెళ్ళిళ్ళలో వాయించే మర్ఫా గుర్తొస్తే ఆశ్చర్యం లేదు. అక్కడి ఏసీ గార్డ్స్ పేటకి ఆ పేరు నిజాం దగ్గరున్న ఆఫ్రికా గుర్రపు దళం (ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్) వల్లే వచ్చింది, సిద్దీలనే ఆ సైనికుల సంతతివాళ్ళు తరాలుగా మర్ఫా వాయిస్తున్నారు. ఈ కబురు డోలు వాయించేవాళ్ళకి విరామంలో చెప్పు, సంతోషిస్తారు. మైకు పట్టుకుని చెప్పకు.

మొదట్లో పెద్దవాళ్ళెవరో ఒకరు లేచి మొక్క కుండీలోనో గిన్నెలోనో నీళ్ళు వదుల్తూ, పోయినవాళ్ళ పేర్లు చెప్తారు. సభలోవాళ్ళు ఒక్కో పేరుకీ "అషే" అంటారు, తథాస్తు అన్నట్టు. మన తర్పణం లాంటిదే. అయిదు నిమిషాలనుకున్నది పాతిక నిమిషాలవుతుంది. ఒకావిడ మైకు తీసుకుని ఆ ఏడాది పోయిన కొడుకు పేరు చెప్తుంది. ఆ సమయంలో గడియారం చూడకు, గరిటెల చప్పుడు చెయ్యనివ్వకు, స్టాల్స్ వాళ్ళని కూడా అమ్మకం ఆపమని ముందే చెప్పి ఉంచు. అన్నం చల్లారితే చల్లారుతుంది, మళ్ళీ వేడిచేసుకుందాం.

తర్వాత కినారా వెలిగిస్తారు. ఏడు కొవ్వొత్తుల దీపస్తంభం. మధ్యలో నల్లది ప్రజలకి, ఎడమన మూడు ఎర్రవి పోరాటానికి, కుడిన మూడు పచ్చవి రాబోయే మంచికి. నాలుగోరోజుకి నాలుగు వెలగాలి. నల్లది అయ్యాక కొందరు ఎర్రవన్నీ వెలిగించి పచ్చవాటికి వెళ్తారు, కొందరు అటొకటి ఇటొకటి. చదివొచ్చాం కదా అని సరిదిద్దబోకు. నీ పని దాని కింద పరిచిన చాప అంటుకోకుండా చూడడం. హాల్లో మంట వెలిగించనివ్వరంటే బ్యాటరీ కొవ్వొత్తులు దొరుకుతాయి, సిద్ధంగా ఉంచు.

చివర "హరాంబే" అని ఏడుసార్లు అంటారు, కలిసి లాగుదాం అని. ఏడోదాన్ని ఊపిరున్నంతసేపు సాగదీస్తారు. అప్పుడు గరిటె కిందపెట్టి నువ్వూ అను.

మన వంట ఏదైనా తెమ్మని అడిగితే పులిహోర, బిర్యానీ వద్దు. అలసంద (బొబ్బర్ల) వడలు చెయ్యి. ఒక ఏడాది నేను పట్టుకెళ్తే నైజీరియావాళ్ళ అమ్మాయి ఒకటి కొరికి "అకరా!" అని అరిచింది. వాళ్ళమ్మ కూడా ఆ పప్పే రుబ్బి, ఉల్లిపాయా మిరపకాయా వేసి అలాగే వేయిస్తుందట. బొబ్బర్లు అసలు ఆ ఆఫ్రికాలోనే పుట్టాయి, మన పొలాలకి తర్వాత వచ్చాయి. అలాంటప్పుడు "మా వంటకం" అని చీటీ మీద రాయడమెందుకు? ఉత్త "బొబ్బర్ల వడలు" అని రాయి చాలు. పప్పు ముందురోజు రాత్రే నానబోసి, పొద్దున చేతులతో నలిపి పొట్టు తియ్యి. మిక్సీలో నీళ్ళు పొయ్యకు, వడ నూనె తాగేస్తుంది. యాభై మందికి రెండు కిలోల పప్పు సరిపోతుంది. అల్లుణ్ణి ఉల్లిపాయలు తరగమను.

నీ పెద్దమ్మ