ఐ-పిల్ వేసుకున్నాక డేట్ దాటిపోయింది, ఏం చేయాలి?

ప్రశ్న: డాక్టరు గారూ, నాకు 26 ఏళ్లు, రెండేళ్ల పాప ఉంది. మావారిది స్టీల్‌ప్లాంటులో షిఫ్టు డ్యూటీ. పోయిన నెల డేట్ వచ్చిన పదో రోజున కండోమ్ చిరిగిపోయింది. మర్నాడే మెడికల్ షాపు నుంచి ఐ-పిల్ తెప్పించుకుని వేసుకున్నాను. ఐదారు రోజులకు కొద్దిగా ఎరుపు కనిపించి రెండు రోజుల్లో ఆగింది. నాకెప్పుడూ 28 రోజులకు వచ్చేస్తుంది, ఈసారి దాని మీద ఆరు రోజులు దాటింది. వరలక్ష్మీ వ్రతం దగ్గరకొస్తోంది. ‘ఏటమ్మా, ఇంకా బయట చేరలేదేటి, వేడి చేసిందేటి?’ అంటూ అత్తయ్య రోజూ చిమ్మిలి పెడుతున్నారు. ఆవిడకి మాత్ర సంగతి తెలీదు. ఆ మాత్ర వేసుకుంటే ఇక పిల్లలు పుట్టరని పక్కింటావిడ అంటోంది. డేట్ రావడానికి ఏదైనా మాత్ర వేసుకోనా?
– పేరు వద్దు, గాజువాక

జవాబు: వద్దమ్మా. ఈ సంచిక మీ చేతికి అందేలోపే డేట్ వచ్చేసినా ఆశ్చర్యం లేదు. రాకపోతే మాత్రం ముందు ప్రెగ్నెన్సీ కిట్ కొనుక్కుని పొద్దున్నే చూసుకోండి. కండోమ్ చిరిగి మూడు వారాలు దాటింది కనుక ఒక్క గీతే వస్తే గర్భం లేదని నమ్మొచ్చు.

అయితే ఉత్తరంలో మీరు రాయనిది ఒకటుంది. మాత్ర వేసుకున్న తర్వాత, అదే నెలలో, జాగ్రత్త లేకుండా మళ్లీ కలిశారా? నాకు అదే ముఖ్యం. ఆ మాత్రలో ఉండేది లెవోనార్‌జెస్ట్రెల్ 1.5 మిల్లీగ్రాములు. అది అండం విడుదల కాకుండా కొన్నాళ్లు ఆపుతుంది, అంతే. దువ్వాడ దాకా టైముకే వచ్చిన రైలును వైజాగ్ అవుటర్‌లో నిలబెట్టేసినట్టు. రైలు రద్దు కాలేదు, వెనకపడింది. అండం వెనకపడితే డేటూ వెనకపడుతుంది. మీకు జరిగింది బహుశా ఇదే. చాలామందికి ఈ తేడా వారం లోపే ఉంటుంది, కొందరికి ముందే వచ్చేస్తుంది కూడా. కానీ ఆగిన అండం తర్వాత విడుదలవుతుంది కదా, ‘మాత్ర వేసుకున్నాంలే’ అని ధీమాగా ఉన్నవాళ్లు అప్పుడే దొరికిపోతారు. అలా కలిసి ఉంటే, ఆ చివరిసారి నుంచి మూడు వారాలు లెక్కేసుకుని ఇంకోసారి కిట్‌తో చూసుకోండి.

మధ్యలో కనిపించిన ఎరుపు హార్మోను తేడా వల్ల వచ్చే స్పాటింగ్. దాన్ని నెలసరిగా లెక్కేసుకోవద్దు, అది కనిపించింది కనుక గర్భం లేదనీ అనుకోవద్దు.

చిమ్మిలికి నేను అడ్డు చెప్పను, మా ఇంట్లోనూ చేస్తాం. దానివల్ల డేట్ మాత్రం రాదు. శ్రావణం వచ్చిందంటే మా ఓపీలో డేట్ జరపమనేవాళ్లే ఎక్కువ. మీ నెల ఇప్పటికే ఒకసారి జరిగింది, దాని మీద మళ్లీ ముందుకీ వెనక్కీ లాగే మాత్రలు వేస్తే ఏది దేనివల్ల వచ్చిందో మీకూ తెలీదు, నాకూ తెలీదు. ఆ శుక్రవారం కుదరకపోతే శ్రావణంలోనే మరో శుక్రవారం వ్రతం చేసుకోవడం మన ఇళ్లలో ఉన్నదే.

పక్కింటావిడ మాట వదిలేయండి. ఈ మాత్ర ప్రభావం కొద్ది రోజులే. వచ్చే నెలే గర్భం రావచ్చు కూడా.

రెండు గీతలు వస్తే షాపులో అబార్షన్ మాత్రలు అడిగి తెచ్చుకోవద్దు. అవి వేరు, ఇవి వేరు. ముందు స్కాన్ చేయించుకోవాలి. పొత్తికడుపులో ఒక పక్కనే బాగా నొప్పి ఉన్నా, కళ్లు తిరుగుతున్నా కిట్ కోసం కూడా ఆగకండి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

ఇకపై ప్రతి నెలా ఈ మాత్ర మీద ఆధారపడొద్దు. మామూలు పద్ధతులంత గట్టిగా పనిచేయదు, పైగా నెల నెలా ఇదే గందరగోళం. పాపకు రెండేళ్లే కనుక, ఇంకొన్నాళ్లు ఆగాలనుకుంటే కాపర్-టి బాగుంటుంది. డేట్ కాస్త ఎక్కువగా అవుతుంది, అది ముందే తెలుసుకోండి. కలిసిన 5 రోజుల్లోపు వేయించుకుంటే అత్యవసరానికీ ఈ మాత్రకన్నా అదే నమ్మకం. అది ఇష్టం లేకపోతే అంతరా ఇంజెక్షను, ఛాయా మాత్రలు ఉన్నాయి. మన ఘోషాసుపత్రిలాంటి సర్కారు ఆసుపత్రుల్లో వీటికి డబ్బు తీసుకోరు. మీవారు నైట్ షిఫ్టు దిగిన రోజు చూసుకుని ఇద్దరూ వెళ్లండి.