వరండా స్పీకర్లు ఎప్పుడు కలిపారు?

ప్రశ్న (సుదీర్ఘ ఉత్తరం నుంచి సంక్షిప్తంగా): మాది పాలకొల్లు దగ్గర గ్రామం. రొయ్యల సాగు చేస్తాను. సినిమా హాల్లో ఆపరేటరుగా జీవితమంతా పనిచేసిన మా నాన్నగారు పక్షవాతంతో మంచం పట్టారు. ఆయన కోసం 2024 సంక్రాంతికి ముందు విజయవాడలోని ఒక దుకాణంలో రూ.3,85,000 పెట్టి హోం థియేటర్ తీసుకున్నాను. రిసీవరు (స్పీకర్లను నడిపే పెట్టె), స్పీకర్లు, సబ్ వూఫర్ అన్నీ వాళ్లే ఎంపిక చేసి, వాళ్ల మనుషులే వచ్చి బిగించారు. రూ.1,35,000 యూపీఐలో, మిగతాది నగదుగా ఇచ్చాను. పన్ను కలిసివస్తుందని ఎస్టిమేట్ కాగితంతో సరిపెట్టుకున్నాను. ఫిబ్రవరిలో రథసప్తమి మర్నాడు సౌండు పెంచగానే సెట్ దానంతట అదే ఆగిపోయింది. అప్పటినుంచి అదే తంతు. మే నెలలో నాన్నగారి మంచం వరండాలోకి మార్చి, మా ఊరి ఎలక్ట్రీషియన్ చేత అక్కడ రెండు స్పీకర్లు కలిపించాను. జూలైలో కంపెనీ సర్వీసు మనిషి వచ్చి వారంటీ వర్తించదన్నాడు. సెప్టెంబరులో నాన్నగారు పోయారు. ఆయన ఒక్క సినిమా కూడా తృప్తిగా వినలేదు. దుకాణదారుపై చీటింగ్ కేసు పెట్టవచ్చా? పది లక్షల పరిహారం వస్తుందా? తెలిసిన మెకానిక్ ఒకతను 2024 ఫిబ్రవరి తేదీ వేసి జాబ్ కార్డు (రిపేరు వివరాలు రాసే కాగితం) ఇస్తానంటున్నాడు. అది పనికొస్తుందా?

జవాబు: మీ ఉత్తరంలో అధిక భాగం నాన్నగారి గురించే ఉంది. ఫిర్యాదులో దానికి ఒక్క పేరా చాలు. మీ కేసును నిలబెట్టేదైనా పడగొట్టేదైనా మీరు ఒక్క వాక్యంలో దాటవేసిన వరండా స్పీకర్ల సంగతి. సెట్ మొదటిసారి ఆగిపోయింది ఆ స్పీకర్లు కలపకముందా, కలిపిన తరువాతా అన్న ప్రశ్నకు కాగితం మీద జవాబు చూపగలిగితే మీకు కేసు ఉంది. చూపలేకపోతే, మీరు ఎంత నిజం చెబుతున్నా, ఎదుటి పక్షం దాన్ని వాడకందారు తప్పిదంగా తేల్చివేస్తుంది.

కారణం చెబుతాను. మీరు పంపిన ఫొటోలలో రిసీవరు వెనుక స్పీకరు తీగలు బిగించేచోట 6 నుంచి 16 ఓమ్‌లని అచ్చయి ఉంది. ముందు నిలబెట్టిన రెండు పెద్ద స్పీకర్ల వెనుక పలక మీద మాత్రం 4 ఓమ్‌లని ఉంది. ఓమ్‌లు స్పీకరు కరెంటుకు ఇచ్చే అడ్డుకు (ఇంపిడెన్స్‌కు) కొలత. అది తగ్గినకొద్దీ స్పీకరు రిసీవరులోని ఆంప్లిఫయరు నుంచి ఎక్కువ కరెంటు లాగుతుంది, లోపల వేడి పెరుగుతుంది, ఒక హద్దు దాటాక రిసీవరు తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది. తక్కువ సౌండులో పాటలు బాగానే వచ్చి, సినిమాలో యుద్ధం మొదలుకాగానే ఆగిపోతున్నదని మీరు రాసిన లక్షణం దీనికి సరిపోతుంది. ఆ రిసీవరును ఆ స్పీకర్లతో జతచేసింది మీరు కాదు, దుకాణం వారు. ఆ రెండు మోడళ్లూ వారి ఎస్టిమేట్ కాగితం మీద వారి చేతిరాతతోనే ఉన్నాయి. నా దృష్టిలో మీ పక్షాన ఉన్న అతి బలమైన సాక్ష్యం ఆ రెండు పలకల మీది అక్షరాలే.

అయితే మే నెలలో మీరు చేసిన పని ఆ సాక్ష్యాన్ని మసకబార్చింది. మీ ఎలక్ట్రీషియన్ వరండాలోని 8 ఓమ్‌ల స్పీకర్లను హాలులోని ముందు స్పీకర్ల తీగలకే సమాంతరంగా కలిపాడు. ఒకే బోదెకు రెండో తూము తెరిచినట్టు లాగుడు మరింత పెరిగింది. 4, 8 ఓమ్‌లు సమాంతరంగా కలిస్తే ఆంప్లిఫయరుకు కనిపించేది సుమారు 2.7 ఓమ్‌లే. జూలైలో వచ్చిన సర్వీసు మనిషి చూసింది ఈ స్థితిని. జాబ్ కార్డులో ‘బయటి స్పీకర్లు కలిపారు, వినియోగదారుడి తప్పు వాడకం’ అని రాశాడు. దాని కింద మీ సంతకం ఉంది. చదవకుండా పెట్టానంటున్నారు. చెరువు లీజు కాగితం మీద ప్రతి గట్టూ చూసుకుని సంతకం చేసేవారు, దాదాపు నాలుగు లక్షల వస్తువు గురించి రాసిన నాలుగు వరుసలు చదవకపోవడం క్షమించదగిన విషయం కాదు. ‘ఏకీభవించడం లేదు, ఫిబ్రవరి నుంచే ఫిర్యాదు ఉంది’ అని అక్కడే ఒక వాక్యం రాసి సంతకం చేసి ఉంటే ఈ ఉత్తరం రాయవలసిన అవసరం సగం తీరేది.

ఇక కాలపరిమితి. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 69వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదుకు కారణం పుట్టిన తేదీ నుంచి రెండేళ్లలోగా వినియోగదారుల కమిషన్ ముందుకు వెళ్లాలి. మీ కేసులో చిక్కు ఇక్కడే ఉంది. లోపం ఫిబ్రవరి 2024 నాటిదని మీరు ఎంత గట్టిగా నిరూపించుకుంటే గడువు అంత ముందుగా, అంటే 2026 ఫిబ్రవరి మూడో వారం నాటికి, ముగుస్తుంది. గడువు కోసం జూలైలో వారంటీ నిరాకరించిన తేదీని పట్టుకుంటే, లోపం అప్పుడే బయటపడిందన్న అర్థం వచ్చి వరండా స్పీకర్ల వాదనకు మీరే తలుపు తెరిచినవారవుతారు. జూలై నిరాకరణ వేరే కారణమన్న వాదన చట్టంలో లేకపోలేదు. అది చేతిలో అదనంగా ఉంచుకోవలసిన వాదన మాత్రమే, దాని మీద భరోసాతో కాలం గడపకూడదు. 2024 ఫిబ్రవరి తేదీనే నమ్ముకుని, 2026 ఫిబ్రవరికి ముందే దాఖలు చేయండి. మీరు దుకాణానికి ఎన్నిసార్లు ఫోను చేసినా, నోటీసు పంపినా, 1915 వినియోగదారుల హెల్ప్‌లైనులో ఫిర్యాదు నమోదు చేసినా గడువు ఆగదు, కొత్తగా మొదలుకాదు. ఆలస్యాన్ని తగిన కారణం చూపి మన్నించమని అడిగే వీలు అదే సెక్షన్‌లో ఉంది. కానీ నాన్నగారి మరణం 2024లో జరిగింది కనుక ఆ తరువాతి ఏడాది మౌనానికి అది కారణంగా నిలవదు.

ఫిబ్రవరి తేదీకి రుజువు ఏమిటి? సెట్ ఆగిపోతున్న వీడియో తీసి దుకాణం నంబరుకు వాట్సాప్‌లో పంపానని, ఆ ఫోను మేనకోడలికి ఇచ్చేశానని రాశారు. వెంటనే ఆ ఫోను వెనక్కి తీసుకోండి. అందులో ఇంకేమీ చెరపవద్దు, రీసెట్ చేయనివ్వవద్దు. పాత బ్యాకప్ ఉంటే తెలిసినవారి సాయంతో తీయించండి. అదే వీడియోను ఆ రాత్రే హైదరాబాదులోని మీ బావగారికి కూడా పంపినట్టు ఉత్తరం చివర రాశారు. నాకు దానిమీదే ఎక్కువ ఆశ. ఆయన ఫోనులో ఆ సందేశం తేదీ, సమయంతో సహా ఉంటే, దాని స్క్రీన్‌షాట్లతోపాటు భారతీయ సాక్ష్య అధినియం, 2023లోని 63వ సెక్షన్ కోరే ధ్రువపత్రం ఆయన చేత ఇప్పించండి. వినియోగదారుల కమిషన్లు సాక్ష్య చట్టంలోని ప్రతి నియమాన్నీ కోర్టుల మాదిరి పట్టుబట్టవు కానీ, ధ్రువపత్రం లేని స్క్రీన్‌షాటును ఎదుటి వకీలు మొదటి వాయిదాలోనే కల్పితమంటాడు. ఆ అవకాశం ఎందుకివ్వాలి? దుకాణానికి ఫోను చేసిన రికార్డులు కూడా అడగవచ్చు. అయితే టెలికాం సంస్థలు వాటిని భద్రపరచవలసిన కనీస కాలం కూడా రెండేళ్లే కనుక, వాటిని తెప్పించమని ఫిర్యాదుతోపాటే కమిషన్‌కు దరఖాస్తు పెట్టాలి.

ఇప్పుడు ఆ మెకానిక్ చూపుతున్న దారి గురించి. వద్దు. ఆ మాట మళ్లీ ఎవరి దగ్గరా ఎత్తవద్దు. కమిషన్ విచారణను చట్టం న్యాయ విచారణగానే పరిగణిస్తుంది. అందులో వాడడానికి అబద్ధపు సాక్ష్యం సృష్టించడం భారతీయ న్యాయ సంహితలోని 228, 229 సెక్షన్ల కిందికి వస్తుంది, శిక్ష ఏడేళ్ల వరకు ఉంటుంది. ఫోర్జరీ, దొంగ పత్రాన్ని నిజమైనదిగా వాడడం వేరే నేరాలు. ఆ జాబ్ కార్డుల పుస్తకంలో ముందు, వెనుక నంబర్ల కార్డుల తేదీలు ఏమున్నాయని ఒక్క ప్రశ్న వేస్తే మీ మెకానిక్ బోనులో నీళ్లు నములుతాడు. ఆ తరువాత మీ బావగారి ఫోనులోని నిజమైన వీడియోను కూడా ఎవరూ నమ్మరు.

అదే మెకానిక్ చేత రిసీవరు మూత విప్పించాలన్న ఆలోచన కూడా మానండి. సీలు తెగిందంటే లోపం ఎవరిదో తేల్చే దారి మూసుకుపోతుంది. వరండా తీగలు కలిసి ఉన్న తీరును ముందు ఫొటోలు తీసి, తరువాత వాటిని విప్పి, ఆ తేదీ రాసి ఉంచండి. సెట్‌ను వాడకండి. మీ ఊరి చెమ్మకు గోడ పక్కన నేల మీద పెడితే తుప్పును కూడా మీ ఖాతాలోనే వేస్తారు కాబట్టి, అట్టపెట్టెలో చుట్టి ఎత్తుమీద ఉంచండి. చెరువుల ఏరియేటర్లు ఆడే లైను కనుక వోల్టేజీ హెచ్చుతగ్గుల వల్ల పాడైందని కూడా ఎదుటివారు అంటారు. జనవరిలోనే స్టెబిలైజరు కొన్నానని, దానికి బిల్లు ఉందని రాశారు, ఆ బిల్లు జతచేయండి. విచిత్రం, పదకొండు వేల స్టెబిలైజరుకు బిల్లు తీసుకుని, దాని వెనుక ఉన్న అసలు సరుకుకు తీసుకోలేదు.

బిల్లు లేకపోవడం మీ రెండో బలహీనత. ఎస్టిమేట్ కాగితం మీద జీఎస్టీ నంబరు లేదు, నగదు ముట్టినట్టు రాత లేదు. రెండున్నర లక్షలు నగదుగా తీసుకున్నట్టు దుకాణదారు ఒప్పుకోడు. ఒకే లావాదేవీలో రెండు లక్షలు లేదా అంతకు మించి నగదు తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం నిషేధిస్తుంది, తీసుకున్నవారి మీద అంతే మొత్తం జరిమానా పడుతుంది. అందుచేత అమ్మకాన్నే కాదనే ప్రయత్నం జరగవచ్చు. అక్కడ మిమ్మల్ని కాపాడేది, విచిత్రంగా, మిమ్మల్ని దెబ్బతీసిన ఆ జాబ్ కార్డే. అందులో రిసీవరు సీరియల్ నంబరు, కొన్న తేదీ, అమ్మిన దుకాణం పేరు కంపెనీ మనిషే రాశాడు. దానికి యూపీఐ చెల్లింపుల బ్యాంకు స్టేట్‌మెంటు, బిగించిన రోజు తీసిన ఫొటో కలిస్తే అమ్మకం రుజువవుతుంది. బిల్లు ఇవ్వకపోవడం దుకాణదారు అనుచిత వ్యాపార పద్ధతి అని కూడా ఫిర్యాదులో రాయవచ్చు. బిల్లు మీరే వద్దన్నారని అతను అంటే మాత్రం ఉన్నది ఉన్నట్టు ఒప్పుకోండి.

ఆ ఫొటో గురించి మరొక్క మాట. దుకాణం మనుషులిద్దరూ టీవీ పక్కన నిలబడి ఉన్నారు. వారి మోకాళ్ల దగ్గర, అద్దాల తలుపులున్న టేకు షోకేసు అరలో, పైన నాలుగు వేళ్ల సందు కూడా లేకుండా రిసీవరు దూరి ఉంది. గాలి ఆడని చోట రిసీవరు పెట్టరాదని దాని మాన్యువల్‌లోనే ఉంటుంది, ఆ పేజీ జతచేయండి. వడ్రంగి చేత షోకేసు మీరే చేయించుకున్నా, అందులో పెట్టి బిగించింది డబ్బు తీసుకున్న నిపుణులు. కనుక వస్తువులో లోపంతోపాటు సేవలో లోపాన్ని కూడా విడిగా రాయాలి. రిసీవరులో ఏ లోపమూ లేదని పరీక్షలో తేలినా, సరిపడని స్పీకర్లను జతచేయడం, బిగింపు తప్పు అన్న రెండో ఆరోపణ మీద కేసు నడుస్తుంది. కొన్ని రిసీవర్ల మెనూలో తక్కువ ఇంపిడెన్స్ స్పీకర్లకు సెట్టింగ్ ఉంటుందన్న జవాబు వస్తుంది. ఉంటే అది పెట్టవలసినవారు కూడా బిగించినవారే.

‘థియేటరులా వినిపించడం లేదు’, ‘బాస్ మోగిపోతోంది’, ‘1,200 వాట్లన్నారు’ అన్న మూడు ఆరోపణలూ తీసేయండి. నాపరాళ్ల నేల, గాజు కిటికీల హాలులో మూలన పెట్టిన సబ్ వూఫర్ మోగడం వస్తువు లోపం కాదు. వాట్ల అంకె ఎస్టిమేట్ మీద లేదు. బలహీనమైన ఆరోపణ పక్కన ఉంటే బలమైనది కూడా చులకనవుతుంది.

చీటింగ్ కేసు జోలికి పోవద్దు. మీరు కొనేనాటికే దుకాణదారుకు మోసగించే ఉద్దేశం ఉందని మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. సివిల్ తగాదాలకు క్రిమినల్ రంగు పులమవద్దని సుప్రీంకోర్టు ఎన్నోసార్లు చెప్పింది. ఎస్సైగారితో ఒక మాట చెప్పిస్తే దుకాణదారు దిగివస్తాడన్న సలహా ఇచ్చినవారు, ఆ తిరుగుళ్లలో ఫిబ్రవరి దాటిపోతే బాధ్యత వహించరు.

చేయవలసినది ఇది. ఈ నెలలోనే దుకాణానికి, తయారీ కంపెనీకి నోటీసు స్పీడ్ పోస్టులో పంపి, అందిన రుజువు దాచండి. నోటీసు చట్టం తప్పనిసరి చేసినది కాదు, ఎదుటివారి జవాబు ముందే తెలియడానికి మాత్రమే. పదిహేను రోజులకు మించి ఎదురుచూడవద్దు. తరువాత ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చి ఫిర్యాదు వేయండి. విజయవాడ వెళ్లనక్కరలేదు. వినియోగదారుల రక్షణ చట్టంలోని 34వ సెక్షన్ ప్రకారం మీరు నివసించే చోటి జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు, పాత పశ్చిమ గోదావరి ఫిర్యాదులను ఏలూరు కమిషన్ చూస్తూ వచ్చింది. వినియోగదారుల కమిషన్ల ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటినుంచి కూడా దాఖలు చేయవచ్చు. చెల్లించిన ధర ఐదు లక్షలలోపు కనుక రుసుము లేదు. ఫిర్యాదుతోపాటే, 38వ సెక్షన్ కింద సెట్‌ను తగిన ప్రయోగశాలకు పంపమని ఒక దరఖాస్తు పెట్టండి. పరీక్ష ఖర్చు ముందుగా మీరే కట్టవలసి వస్తుంది, దానికి సిద్ధపడండి. పరీక్షించవలసిన ప్రశ్నను మీరే స్పష్టంగా రాయండి: వరండా స్పీకర్లు లేకుండా, దుకాణం ఇచ్చిన 4 ఓమ్‌ల స్పీకర్లతోనే ఈ రిసీవరు ఆగిపోతుందా, లేదా?

కోరవలసినది: సరిపడే రిసీవరుతో మార్పిడి, లేదా కట్టిన ధర వడ్డీతో వాపసు, దానితోపాటు మానసిక వేదనకు పరిహారం, ఖర్చులు. పది లక్షలు అడిగితే ఇస్తారన్న ఆశ పెట్టుకోవద్దు. వేదన కింద కమిషన్లు సాధారణంగా ఇచ్చేది వేలల్లోనే ఉంటుంది, వస్తువు ధరకు రెండున్నర రెట్లు అడిగినవారి మిగతా లెక్కలను కూడా అనుమానంగా చూస్తాయి. యాభై వేలకు మించకుండా అడగండి. నాన్నగారి వైద్య పత్రాలలో పక్షవాతం నమోదైన డిశ్చార్జ్ సమ్మరీ ఒక్కటి జతచేస్తే చాలు. మీ ఎలక్ట్రీషియన్ చేత, వరండా స్పీకర్లు మే నెలలో ఏ తేదీన కలిపాడో, అప్పటికే సెట్ ఆగిపోతున్నదని మీరు తనతో అన్నారో లేదో, అతనికి గుర్తున్నంత మేరకు మాత్రమే అఫిడవిట్ ఇప్పించండి. మీరు అతనికి కూలి డబ్బు యూపీఐలో పంపి ఉంటే ఆ తేదీ బ్యాంకు స్టేట్‌మెంటులో దొరుకుతుంది. ముందుగా అది చూసుకుని, ఆ తరువాతే అతని చేత సంతకం చేయించండి.