రాయి లేని గోరీకి కూడా ఒక నంబరు

చి. పాపకు మామ ఆశీస్సులు.

చిత్తూరులోని పాత సమాధుల దొడ్డిని మ్యాపు చేసే పని మీ బ్యాచ్‌కు వచ్చిందనీ, డ్రోన్ కూడా దొరికిందనీ, అంతా నువ్వే దగ్గరుండి చూసుకోవాలనీ మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. కొలిచే గొలుసు, లంబం చూసే క్రాస్ స్టాఫ్ పట్టుకున్న కాలం నుంచి శాటిలైట్లతో కొలిచే రోవర్ వచ్చేదాకా సర్వే శాఖలో పనిచేసినవాణ్ని కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నాను. ఫోన్‌లో చెబితే గాలికి పోతుంది. కాగితమైతే దొడ్డిలోకి తీసుకెళ్లొచ్చు.

అన్నిటికన్నా ముందు ఒక సంగతి. ఎఫ్ఎంబీలో, అంటే ఒక్కో సర్వే నంబరుకూ హద్దులు, కొలతలు గీసి ఉంచే సర్వే శాఖ పుస్తకంలో, సమాధుల దొడ్డి అంటే నాలుగు హద్దుల మధ్య ఖాళీ జాగా. సర్వే నంబరు, విస్తీర్ణం, రిజిస్టరులో ‘శ్మశానం’ అన్న మాట, అంతే. లోపల ఎవరు ఎక్కడున్నారో ఒక్క గీత ఉండదు. రేపు రోడ్డు వెడల్పు చేయాలన్నా, కాలువ తవ్వాలన్నా, పక్కవాళ్లు కంచె లోపలికి జరపాలన్నా ‘ఈ మూల ఖాళీగానే ఉంది కదా’ అంటారు. పాలరాతి పలక ఉన్న సమాధి జోలికి పోవడానికి ఎవరైనా జంకుతారు. దిబ్బ కరిగి నేలమట్టమైన గోరీకి ఆ పాటి రక్షణ కూడా లేదు. అందుకే పేరున్నవాటికి ఎంత శ్రద్ధ పెడతావో, రాయి కూడా లేనివాటికి అంతకు రెట్టింపు పెట్టు. కనబడిన ప్రతిదానికీ ఒక నంబరు ఇవ్వు. అనుమానంగా ఉన్నదానికి కూడా నంబరిచ్చి, పక్కన ‘అనుమానం’ అని రాయి.

పోయే ముందు కాగితాలు చూసుకో. చిత్తూరు 1911 దాకా ఉత్తర ఆర్కాటు జిల్లాకు కేంద్రం. ఆ ఏడాది ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా విడిగా ఏర్పడ్డాక ఉత్తర ఆర్కాటు కచేరీలు వేలూరుకు పోయాయి. 1853లో మొదలైన అమెరికన్ ఆర్కాట్ మిషన్ అనే క్రైస్తవ సంస్థకు కూడా మన ఊరు ఒక స్టేషన్. కచేరీలు, కోర్టులు, మిషన్ బంగళాలు ఉన్న ఊరు కాబట్టే ఇన్ని ఇంగ్లీషు రాతలు మిగిలాయి. 1905లో జె.జె. కాటన్ అనే ఐసీఎస్ అధికారి మద్రాసు ప్రెసిడెన్సీలోని సమాధుల మీది రాతలను జిల్లాలవారీగా పోగుచేసి అచ్చు వేయించాడు. అందులో ఉత్తర ఆర్కాటు భాగం ప్రింటు తీసి చేతిలో పెట్టుకో. అప్పుడు చదివిన పలక ఇప్పుడు ఊడిపోయి ఉండొచ్చు, ఆ రాత నీకు అక్కడ దొరుకుతుంది. అయితే ఆయన ఎంచుకున్నవి చరిత్రకు పనికొస్తాయనుకున్న సమాధులు. ఎక్కువమంది దొరలే. వాళ్ల వంటవాళ్లు, ఆయాలు, మిషన్ బళ్లో చదువు చెప్పిన మనవాళ్లు చాలావరకు ఆ పుస్తకంలో ఎక్కలేదు. నీ పట్టికలో ఎక్కాలి.

సర్వే ఆఫీసులో ఎఫ్ఎంబీ నకలుకు దరఖాస్తు పెట్టు. పాతది దొరికితే కొలతలు లింకుల్లో ఉంటాయి, కంగారు పడొద్దు. గొలుసుకు 66 అడుగులు, 100 లింకులు. అంటే లింకుకు 20 సెంటీమీటర్లు, పైన చిటికెడు. హద్దు రాళ్లు ఎక్కడున్నాయో మీ సచివాలయం సర్వేయర్‌ను వెంటబెట్టుకుని చూడు. 2020 డిసెంబరులో రాష్ట్రంలో మొదలైన భూముల రీసర్వేలో డ్రోన్లూ రోవర్లూ వాళ్ల చేతుల మీదుగానే నడిచాయి కాబట్టి నువ్వు చెప్పేది వాళ్లకు వెంటనే అర్థమవుతుంది.

అనుమతి మాట పెద్దగా రాయను. చర్చి కమిటీ, మున్సిపల్ కార్పొరేషన్, పక్కన ముసల్మానుల గోరీలుంటే వాటి ఆస్తి చూసుకునే ముతవల్లి, ముగ్గురి దగ్గరా కాగితం మీద తీసుకో. అంతకన్నా ముఖ్యం, అక్కడ గుంతలు తవ్వే మనిషిని కలువు. ఎక్కడ పార వేస్తే పాత ఎముక తగులుతుందో ఆయనకు తెలుసు, వాళ్ల నాయన చెప్పింది కూడా తెలుసు. ఆయన్ను రోజంతా తిప్పుకుంటావు కాబట్టి రోజు కూలి ఇవ్వు. పట్టికలో ‘చెప్పినవారు’ అని ఒక గడి పెట్టి, ఆయన ఒప్పుకుంటే పేరు కూడా రాయి.

ఇక జీపీఎస్ సంగతి. ఆకాశం బాగా కనబడేచోట ఫోన్ జీపీఎస్ మూడు నుంచి ఐదు మీటర్ల తేడా చూపిస్తుంది. చింతచెట్టు కింద ఇంకా ఎక్కువ. గోరీ వెడల్పు మీటరు కూడా ఉండదు. అంటే నువ్వు ఒక సమాధి మీద నిలబడితే ఫోన్ నిన్ను మూడో సమాధి మీద చూపిస్తుంది. స్క్రీన్ మీద దశాంశం తర్వాత ఆరు అంకెలు కనబడ్డాయని మోసపోవద్దు. ఆరో అంకెకు 11 సెంటీమీటర్ల విలువ, కానీ ఫోన్‌కు అంత చూపు లేదు. ఫోన్‌ను దొడ్డి ఎక్కడుందో చెప్పడానికి, ఫొటోలు పోగేయడానికి వాడు. సమాధులను విడివిడిగా గుర్తించడానికి రోవర్ కావాలి. తప్పును సరిదిద్దే సమాచారం పంపే కోర్స్ స్టేషన్ అనే స్థిర కేంద్రంతో సిమ్ ద్వారా కలిసి ‘ఫిక్స్’ అని చూపిస్తే రెండు మూడు సెంటీమీటర్లలో పాయింటు వస్తుంది. ‘ఫ్లోట్’ అని ఉంటే లెక్క ఇంకా కుదరలేదని అర్థం, ఆ పాయింటును నమ్మొద్దు. దట్టమైన చెట్ల కింద ఎంతసేపు నిలబడ్డా చాలాసార్లు ఫ్లోట్ తప్ప రాదు.

అక్కడే పాత టేపు అక్కరకొస్తుంది. నడిమి దారి వెంట బాగా ఎండపడే రెండు చోట్ల ఇనుప మేకులు దిగ్గొట్టి, వాటిని రోవర్‌తో కొలిచి పెట్టుకో. ఆ రెంటి మధ్య తాడు లాగితే అది నీ ఆధార గీత. చెట్టు కింది సమాధి తలవైపు నుంచి ఆ గీత మీది రెండు గుర్తులకు రెండు కొలతలు తీసుకో, మూడో గుర్తుకు ఇంకో కొలత సరిచూసుకోవడానికి. మూడోది కలవకపోతే ఏదో ఒకటి తప్పు, అక్కడికక్కడే మళ్లీ కొలువు. టేపు మట్టసంగా, బిగువుగా ఉండాలి, కంప మీద నుంచి వంగకూడదు. కాళ్లవైపు కూడా ఇలాగే కొలిస్తే సమాధి ఏ దిక్కుకు ఉందో దానంతట అదే వస్తుంది.

ఆ దిక్కును తేలిగ్గా తీసుకోవద్దు పాపా. రాయి లేనిచోట దిక్కే మాట్లాడుతుంది. క్రైస్తవులు మామూలుగా తల పడమటికి, కాళ్లు తూర్పుకు పెడతారు. ముసల్మానుల గోరీ మన దేశంలో ఉత్తర దక్షిణాలుగా ఉంటుంది, మొహం పడమటి వైపు కిబ్లాకు, అంటే మక్కా దిక్కుకు తిరిగేలా. జంగాలు, వీరశైవులు కూర్చోబెట్టి పూడుస్తారు కాబట్టి పొడవాటి దిబ్బ ఉండదు, పొట్టిగా చదరంగానో గుండ్రంగానో ఉంటుంది. దాన్ని చూసి పసిబిడ్డ గోరీ అని రాసేయొద్దు. పసిబిడ్డలవి నిజంగానే చాలా ఉంటాయి. పెద్దవాళ్ల సమాధి పక్కన ఇటుక మందాన రెండు రాళ్లు నాటి ఉంటే అవి తల, కాళ్ల గుర్తులు. కాలికి తగిలే మామూలు రాళ్లే అనుకుని పక్కకు తీసి పడేయకుండా మీ పిల్లలందరికీ మొదటిరోజే చెప్పు.

ఇంకా నేల చూడు. పాత గుంత మీద మట్టి కూర్చుకుని కొద్దిగా పల్లమవుతుంది. వానకు అక్కడ నీళ్లు నిలుస్తాయి, పక్కన ఎండిపోయినా అక్కడ గడ్డి ఇంకో వారం పచ్చగా ఉంటుంది. వరుస చూడు. మూడు సమాధులు సమానమైన ఎడంతో ఉండి నాలుగోచోట ఖాళీ వచ్చి, మళ్లీ ఐదోది ఉంటే, ఆ నాలుగోచోట ఎవరో ఉన్నట్టే. గునపం ముట్టొద్దు, కమ్మీ గుచ్చి చూడటం కూడా వద్దు.

ఈ పేరులేని గోరీల గురించి తెలుసుకోవడానికి ఏడాదిలో కొన్ని ప్రత్యేకమైన రోజులున్నాయి. నవంబరు 2న మృతుల పండుగ, షబే బరాత్ రాత్రి, మన వైపు సంక్రాంతికి పెద్దలకు పెట్టుకునే రోజు. సున్నం కొట్టడానికి, పూలు పెట్టడానికి, దీపం పెట్టడానికి కుటుంబాలు వస్తాయి. రాయి లేకపోయినా మా అవ్వ ఇక్కడే అని ఒక ముసలమ్మ సరిగ్గా ఒకచోట కూర్చుంటుంది. వాళ్ల పని అయ్యేదాకా దూరంగా నిలబడు. తర్వాత అడుగు, చెప్పిందంతా చెప్పినట్టే రాసుకో. ఆ రోజుల్లో డ్రోన్ బ్యాగులో నుంచి తీయొద్దు. శవం వచ్చిన రోజు కూడా అంతే.

డ్రోన్‌కు ముందు రూల్సు. 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం దానికి రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. ఎగరేసే రోజు పొద్దున, ఎక్కడ ఎగరేయొచ్చో చూపే ప్రభుత్వ ‘డిజిటల్ స్కై’ మ్యాపు చూసుకో. అందులో ముందస్తు అనుమతి అక్కర్లేని గ్రీన్ జోన్‌లో 400 అడుగుల దాకా పోవచ్చు, నీకు 100 చాలు. పోలీస్ స్టేషన్‌లో ఒక మాట చెప్పి ఉంచితే మధ్యలో టెన్షన్ ఉండదు. తిరుపతిలో మీ హాస్టల్ దగ్గర ట్రయల్ వేద్దామని మాత్రం అనుకోవద్దు. ఒకపక్క రేణిగుంట విమానాశ్రయం, ఇంకోపక్క డ్రోన్లు నిషేధించిన తిరుమల కొండ.

సంక్రాంతి తర్వాత, గడ్డి వాడి ఆకు రాలిన రోజులు దీనికి మంచివి. నాలుగు మూలలా, నడుమ ఒకటి, ఐదు చోట్ల నేల మీద ముగ్గుపిండితో ప్లస్ గుర్తు వేసి, ప్రతిదాని నడిబొడ్డు రోవర్‌తో కొలువు. సమాధి రాయి మీద మాత్రం వేయొద్దు. ముప్ఫై మీటర్ల ఎత్తున, కెమెరా నిట్టనిలువుగా కిందికి పెట్టి, ఫొటోకూ ఫొటోకూ 80 శాతం కలిసేలా తీస్తే ఫొటోలోని ఒక్కో చుక్క (పిక్సెల్) నేల మీద సుమారు సెంటీమీటరుకు సమానం. పలకల అంచులు స్పష్టంగా కనబడతాయి. ఇది మిట్టమధ్యాహ్నం, నీడ తక్కువున్నప్పుడు. ఇంకోసారి పొద్దున ఎండ వాలుగా ఉన్నప్పుడు ఎగరెయ్యి. మధ్యాహ్నం చదునుగా కనబడిన నేలలో ఆ పొడుగు నీడలకు దిబ్బలూ పల్లాలూ లేచి నిలబడతాయి. గద్దలు వెంటపడితే పంతానికి పోకుండా దించేయి. ఫొటోలను ఒకే మ్యాపుగా కుట్టే వెబ్‌ఓడీఎం సాఫ్ట్‌వేర్‌లో కలిపి, మ్యాపులు గీసే క్యూజీఐఎస్‌లో, మీటర్లలో కొలతలిచ్చే యూటీఎం 44 ఉత్తర జోన్‌లో పెట్టుకుంటే ఎఫ్ఎంబీని దాని మీద సరిగ్గా పరవొచ్చు. చెట్ల కింద ఏముందో డ్రోన్ చెప్పలేదు, ఆ భాగమంతా టేపుదే.

కంప కొట్టేటప్పుడు నేలకు జానెడు పైన కొడవలితో కోయించు. వేరు పీకితే ఇటుకలు లేస్తాయి. నిప్పు పెడితే గచ్చు పగులుతుంది, రాయి పెచ్చులు ఊడుతుంది. రక్తపింజరలుంటాయి, బూట్లు లేకుండా ఎవరినీ లోపలికి రానివ్వకు.

రాతలు చదవడానికి ఒక అద్దం తీసుకెళ్లు, గోడకు తగిలించే మామూలు అద్దం. పలక మీద గొడుగు నీడ పట్టి, ఎండను అద్దంతో పక్క నుంచి రాయి పొడవునా పారించు. ఎదురుగా చూస్తే బోడిగా ఉన్న రాయి మీద అక్షరం అంచు ఒక్కొక్కటే చీకటి గీతగా తేలుతుంది. పాలరాతి పలకల్లో అక్షరాలను సీసంతో నింపినవి ఉంటాయి. సీసం రాలిపోయాక సన్నటి బెజ్జాలు మిగులుతాయి. బెజ్జాల వరుసను కాగితం మీద గీసుకుంటే అక్షరం తెలిసిపోతుంది. చాక్‌పీసు, పిండి, యాసిడ్, ఇనుప బ్రష్ ఏదీ తగలనీయొద్దు. మెత్తటి బ్రష్, మంచినీళ్లు, అంతవరకే. తప్పు స్పెల్లింగ్ ఉంటే తప్పుగానే రాసుకో, చదవలేని అక్షరానికి చుక్క పెట్టు. తమిళం, ఉర్దూ వచ్చినవాళ్లను ఒక్కొక్కరినైనా జట్టులో చేర్చుకో. పలక మీద నంబరు పెయింట్ చేయొద్దు. స్లేటు మీద నంబరు రాసి పక్కన పెట్టి ఒక ఫొటో, తీసేసి ఒక ఫొటో.

అంతా అయ్యాక ఈమధ్య పోయినవాళ్ల పేర్లు నెట్‌లో పెట్టకు, వాళ్ల ఇంటివాళ్లున్నారు. మ్యాపు, పట్టిక ప్రింటు తీసి చర్చికి ఒకటి, కార్పొరేషన్‌కు ఒకటి, సచివాలయానికి ఒకటి ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకో. ఆ సంతకాల కాగితం పోగొట్టుకోవద్దు. కంచె జరిగిన రోజు ఆఫీసులో చూపించాల్సింది అదే.

ఎఫ్ఎంబీ నకలు చేతికొచ్చాక ఫోన్ చెయ్యి. మేకులు ఎక్కడ దిగ్గొట్టాలో నేనే వచ్చి చూపిస్తాను. ముప్ఫై మీటర్ల స్టీలు టేపు నా దగ్గర ఉంది, కొనొద్దు.

ఇట్లు,
మీ మామ