పేజీ తెరిస్తే ఒక్కోసారి ఖాళీ ఎందుకు?

ప్రశ్న: మాది తిరుపతి. శ్రీకాళహస్తి కలంకారీ చీరలు అమ్ముతాం. మా వెబ్‌సైట్ మొదటి పేజీకి ఐదు జిఫ్ యానిమేషన్లు చేయించాం. బెల్లం, ఇనుపముక్కలు ఊరబెట్టిన నల్లరంగుతో కలం గీత గీయడం, స్వర్ణముఖిలో గుడ్డ జాడించడం లాంటివి. పేజీ తెరిచినప్పుడల్లా ఏదో ఒకటి రావాలని జావాస్క్రిప్ట్ రాశాను. అప్పుడప్పుడు అక్కడ ఏమీ రావడం లేదు. ఒక్కోసారి వచ్చిందే మళ్లీ వస్తోంది. ఫోన్‌లో పేజీ మరీ నెమ్మది. ఏం చేయాలి?

జవాబు: మీరు పంపిన కోడ్ చూశాను. చిక్కంతా మ్యాత్.రౌండ్ దగ్గరే ఉంది, అంటే సంఖ్యను దగ్గర్లోని పూర్ణసంఖ్యగా మార్చే ఆదేశం దగ్గర. మ్యాత్.రాండమ్ సున్నా నుంచి ఒకటి లోపు ఏదో ఒక సంఖ్య ఇస్తుంది. సున్నా రావచ్చు, ఒకటి మాత్రం రాదు. దాన్ని మీరు 5తో గుణించి రౌండ్ చేశారు. 4.5 గానీ, అంతకంటే ఎక్కువ గానీ వస్తే అది 5 అయి కూర్చుంటుంది. జాబితాలో లెక్క సున్నాతో మొదలవుతుంది కాబట్టి మీ బొమ్మల నంబర్లు 0 నుంచి 4 వరకే. 5లో ఏమీ లేదు, అదే ఆ ఖాళీ. సగటున పదిసార్లకు ఒకసారి. కొనేవాళ్లు షాపు కట్టేశారనుకున్నా అనుకుంటారు! మీరు గమనించి ఉండరు గానీ, మొదటి యానిమేషన్‌కూ అన్యాయం జరుగుతోంది. 0.5 లోపు సంఖ్యలే దాని వాటా కాబట్టి తక్కిన నాలుగింటితో పోలిస్తే సగం సార్లే కనిపిస్తోంది. రౌండ్ తీసేసి, దశాంశ భాగాన్ని వదిలేసే మ్యాత్.ఫ్లోర్ పెట్టండి, రెండూ సర్దుకుంటాయి. 5 అని రాయకుండా, ఎన్ని ఉన్నాయో చెప్పే జాబితా లెంగ్త్‌తో గుణిస్తే, రేపు ఆరోది చేర్చినా ఆ లైను ముట్టుకోనక్కర్లేదు.

వచ్చిందే రావడం మాత్రం తప్పు కాదు. ఐదు చీటీల్లోంచి తీస్తే వెంటనే అదే మళ్లీ తగిలే అవకాశం ఐదింట ఒక వంతు. అది మీకు నచ్చకపోతే, వచ్చిన నంబరును, బ్రౌజర్ తన దగ్గర దాచుకునే చోటైన లోకల్ స్టోరేజ్‌లో దాచి, ఈసారికి దాన్ని వదిలేసి మిగతా నాలుగింటిలోంచే తీయమనండి.

ఇక నెమ్మది సంగతి. ఐదింటినీ పేజీలో పెట్టి నాలుగు కనబడకుండా చేశారు. కనబడకపోయినా బ్రౌజర్ ఐదూ దింపుకుంటుంది. నంబరు తేలాకే ఆ ఒక్క ఫైలు పేరు, బొమ్మ చూపించే ఇమేజ్ ట్యాగ్‌కు ఇవ్వండి. నన్నడిగితే జిఫ్‌నే మానేయమంటాను. 1987లో పుట్టిన ఫార్మాట్ అది, మామూలుగా ఒక ఫ్రేమ్‌లో 256 రంగులకు మించవు. ఎంపీ4 వీడియోగా మారిస్తే సైజు బాగా తగ్గుతుంది. వీడియో ట్యాగ్‌లో ఆటోప్లే, లూప్‌తో పాటు మ్యూటెడ్, ప్లేస్‌ఇన్‌లైన్ కూడా రాయండి. మ్యూటెడ్ లేకపోతే చాలా ఫోన్లలో దానంతటది మొదలవ్వదు. ప్లేస్‌ఇన్‌లైన్ మరిస్తే ఐఫోన్‌లో వీడియో స్క్రీనంతా ఆక్రమిస్తుంది.

సర్వర్‌కు ఎక్కించే ముందు ఫైళ్ల పేర్లన్నీ చిన్న ఏబీసీడీల్లోకి మార్చండి, కోడ్‌లోనూ అలాగే రాయండి. మీ విండోస్ కంప్యూటర్ పెద్దా చిన్నా తేడా పట్టించుకోదు, లినక్స్ సర్వర్ పట్టించుకుంటుంది. పేరు అచ్చంగా కలవకపోతే దానికి ఫైలు దొరకదు.