ఎగిరిపోయిన అచ్చుకి గుర్తు

సందేహం: మేం టిఫిన్ సెంటర్ పెడుతున్నాం. మా ఆయన పేరు శ్రీనివాస్. ఇంగ్లీష్ బోర్డు మీద ఆయన పేరు పక్కన అపాస్ట్రఫీ (’) ఒక్కటి పెడితే చాలా, ఇంకో ఎస్ కూడా రాయాలా? పెయింటరేమో టిఫిన్స్‌లో కూడా ఒకటి పెడతానంటున్నాడు. - ఒక పాఠకురాలు, కాకినాడ

సమాధానం: ముందు ఆ పెయింటర్ని ఆపండమ్మా! టిఫిన్స్‌లో ఎస్ మన 'లు' లాంటిది, బహువచనం, అక్కడ ఏ అక్షరమూ పోలేదు, మరి గుర్తు దేనికి? ఈమధ్య ఏ వీధిలో చూసినా ఇదే వరస, ఎస్ కనిపిస్తే చాలు నెత్తిన కొమ్ము పెట్టేస్తున్నారు.

అపాస్ట్రఫీ గ్రీకు మాట, పక్కకి తిరిగిపోవడం అని అర్థం. 16వ శతాబ్దంలో ఫ్రెంచి వాళ్ల నుంచి ఇంగ్లీషుకి వచ్చింది, లోపించిన అక్షరానికి గుర్తుగా. మనకిది కొత్తా? సః + అహం = సోఽహం, అకారం పోయిన చోట ఽ గుర్తు, అదే అవగ్రహ, ఉంది కదా! ఇప్పుడు ఫోన్లో కూడా టైప్ చెయ్యొచ్చు, అయినా అచ్చు పుస్తకాల్లోనే సోహం అని రాసి ఊరుకుంటున్నారు, ఇంగ్లీషు కొమ్ము మీద ఉన్న శ్రద్ధ మన అవగ్రహ మీద లేకపోవడం నాకు నిజంగా బాధ.

ఇక 'యొక్క' సంగతి. మన ఇల్లు 'ఇంటి' అయినట్టే పాత ఇంగ్లీషులో కూడా పేరే రూపం మార్చుకునేది, రాజు క్యునింగ్ అయితే రాజుది క్యునింగెస్. తర్వాత కింగెస్ అయింది, ఆ 'ఎ' కూడా జారిపోయి కింగ్స్ మిగిలింది, పోయిన ఆ 'ఎ' జాగాలోనే అపాస్ట్రఫీ కూర్చుంది. అది 'కింగ్ హిజ్'కి పొట్టి రూపం అనుకున్నవాళ్లూ ఉన్నారు, అలాగైతే క్వీన్స్ సంగతేంటి? ఇదేమీ అనాదిగా ఉన్న రూలు కాదు. 1623లో షేక్‌స్పియర్ నాటకాల సంపుటి వేస్తే ముఖపత్రం మీద 'షేక్‌స్పియర్స్' అని ఉంది, అపాస్ట్రఫీ లేదు.

'ఇట్స్' అంటారా, 'ఇట్ ఈజ్', 'ఇట్ హాజ్' అని విడదీయగలిగితేనే పెట్టండి. 'దాని' అన్న అర్థంలో వద్దు, హిజ్‌కి లేదు కదా.

మీ బోర్డుకి నా ఓటు అపాస్ట్రఫీ, ఆ తర్వాత ఇంకో ఎస్, ఎందుకంటే నోటితో 'శ్రీనివాసెస్' అనే అంటాం. ఒక్క అపాస్ట్రఫీతో సరిపెట్టే మంచి ప్రచురణకర్తలూ ఉన్నారు, తప్పనలేను. అసలు లేకుండా ఉత్త పేరుగా రాసుకున్నా కొంప మునగదు, లండన్లోనే ఎర్ల్స్ కోర్ట్ స్టేషన్‌కి అపాస్ట్రఫీ ఉంది, బ్యారన్స్ కోర్ట్‌కి లేదు. బోర్డు మీద ఒకలా, బిల్లు బుక్కులో ఇంకోలా మాత్రం రాయించకండి.